విమానం ఎక్కని వలసలు

మన సంఘం సావనీర్లు ఏ సంవత్సరానివి తిరగేసినా ఎనిమిది డాలర్ల కథ ఒకటి తప్పకుండా కనిపిస్తుంది. రిజర్వు బ్యాంకు వారు దయతలచి ఇచ్చిన ఆ ఎనిమిది డాలర్లు జేబులో పెట్టుకుని, మంచు ఎలా ఉంటుందో తెలియని దేశంలో దిగి, ఇల్లు కట్టి, పిల్లల్ని డాక్టర్లను చేసిన కథ. అలాంటి కథలంటే నాకు గౌరవమే. నేను కూడా సూట్‌కేసులో ఆవకాయ పెట్టుకుని వచ్చినవాణ్ణే. అయితే ఆ కథలు వరుసగా చదువుతూ ఉంటే, తెలుగువాడు ఊరు విడవడం అమెరికా వీసాతోనే మొదలైందేమో అనిపిస్తుంది. అందుకే ఈసారి పండుగ సంచికకు ఏదైనా రాయమని సంపాదకులు అడిగినప్పుడు, విమానం ఎక్కకుండా వలస వెళ్ళినవారి గురించి రాస్తానన్నాను. పాస్‌పోర్టు అక్కరలేని వలస. రైలు టిక్కెట్టు, ఒక్కొక్కప్పుడు అదీ లేని వలస.

లెక్కలతో మొదలుపెడితే, 2011 జనగణన ప్రకారం భారతదేశంలో ఒకచోటి నుండి మరొకచోటికి మారి స్థిరపడినవారు సుమారు 45 కోట్లు. అంటే ప్రతి పదిమందిలో దాదాపు నలుగురు. 2021లో జరగవలసిన జనగణన జరగలేదు కాబట్టి ఇప్పటికీ అందరూ ఈ అంకెనే వల్లిస్తున్నారు. కారణం అడిగితే దాదాపు సగంమంది "పెళ్ళి" అని రాయించారు. పని కోసమో వ్యాపారం కోసమో వచ్చామన్నవారు పదిమందిలో ఒక్కరు. ఈ లెక్క చూసి, మన దేశంలో వలసంటే ఆడపిల్లలు అత్తవారింటికి పోవడమేనని తేల్చిన పండితులున్నారు. మా బాపమ్మను ఆ కాగితంలో ఏ గడిలో రాసి ఉంటారో నాకు తెలుసు. పెళ్ళి గడిలో! పదిహేనేళ్ళకు పెళ్ళయి షోలాపురం వచ్చింది నిజమే. వచ్చిన మర్నాటి నుండి కండెలు చుట్టింది, ఆ తరువాత నలభై ఏళ్ళు బీడీలు చుట్టింది. ఆ పని రాసుకోవడానికి కాగితంలో రెండో గడి లేదు.

షోలాపురం అన్నాను. ఇప్పుడు సోలాపూర్ అని రాస్తున్నారుగానీ, మా ఇంట్లో ఎప్పుడూ షోలాపురమే. హైదరాబాదు నుండి 300 కిలోమీటర్ల దూరంలో, మహారాష్ట్రలో ఉంది. దుప్పట్లు కొన్నవారికి పేరు తెలిసే ఉంటుంది. ఆ ఊళ్ళో పుట్టి పెరిగిన తెలుగువాణ్ణని చెబితే, మన సభల్లో చాలామంది "అక్కడ తెలుగువాళ్ళున్నారా?" అని ఆశ్చర్యపోతారు. ఉన్నారు! 1980 నుండి 1996 దాకా జరిగిన లోక్‌సభ ఎన్నికల్లో ఆ నియోజకవర్గం వరుసగా గెలిపించింది తెలుగువారినే. గంగాధర్ కూచన్, ధర్మన్న సాదుల్, లింగరాజ్ వల్యాల్. మహారాష్ట్ర పద్ధతిలో ఇంటిపేరు చివరకు పోయింది కాబట్టి చదివేవారికి వెంటనే తెలియదంతే.

వీళ్ళంతా అక్కడికి ఎలా చేరారన్నది అసలు విషయం. పాత నిజాం రాజ్యంలో కరీంనగర్, వరంగల్, నల్లగొండ, పాలమూరు ప్రాంతాల పద్మశాలీలకు ఊరూరా గుంటమగ్గాలుండేవి. పందొమ్మిదో శతాబ్దం సగానికి వచ్చేసరికి ఇంగ్లాండు మరనూలు, మరగుడ్డ వారి బతుకులోకి దిగాయి. ఊరివాళ్ళు సంతలో సీమగుడ్డ కొనుక్కోవడం మొదలుపెడితే ఊరి సాలెవాడు నేసిన పంచె ఎవరికి? అదే సమయంలో 1876 నుండి 1878 వరకు దక్కను మీద మహాకరువు పడింది. ఇవి రెండూ కూడా చాలవు, దారి కూడా ఉండాలి కదా! బొంబాయి నుండి బయలుదేరిన రైలు 1860లో షోలాపురం చేరింది, 1871లో రాయచూరు చేరింది. 1874లో వాడి జంక్షన్ నుండి సికిందరాబాదుకు నిజాం లైను వేశారు. 1877లో షోలాపురంలో మొదటి బట్టల మిల్లు మొదలైంది. ఈ తేదీలన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే మా పూర్వీకులు ఎందుకు వెళ్ళారో ఎవరూ వేరే చెప్పనక్కరలేదు. పని పోయింది, తిండి పోయింది, రైలు వచ్చింది, మిల్లు లేచింది.

మా బాపమ్మ దీన్ని ఇంకా తేలికగా చెప్పేది. "నూలు ఉన్నకాడికి సాలోడు పోతడు బిడ్డా. నూలు మన కాడికి నడిచొస్తదా?"

మొదట వచ్చినవారంతా మిల్లులో చేరలేదు. షోలాపురంలో మొదటినుండీ చేనేత ఉంది, వచ్చినవారు ఇంట్లోనే మగ్గం దింపుకున్నారు. ఊళ్ళో చేసిన పనే ఇక్కడా చేశారు గానీ ఒక తేడా వచ్చింది. ఊళ్ళో నేసినవాడే గుడ్డ అమ్ముకునేవాడు. ఇక్కడ సావుకారు నూలిస్తాడు, నేసి ఇచ్చినదానికి కూలి ఇస్తాడు. చేతిలో నాడె అదే, పడుగూ పేకా అవే, మనిషి మాత్రం నేతగాడి నుండి కూలివాడయ్యాడు. వలసలో వృత్తి మారడమంటే పని మారడమని అనుకుంటాంగానీ, చాలాసార్లు మొదట మారేది పని కాదు, పనిలో మనిషి స్థానం. ఈ మాట మనకూ కొత్తేమీ కాదనుకుంటాను. ఊళ్ళో సొంత ప్రాక్టీసున్న డాక్టరుగారు ఇక్కడికొచ్చి మళ్ళీ రెసిడెన్సీ చేసినప్పుడు స్టెతస్కోపు అదే కదా!

రెండో తరం మిల్లుకు వెళ్ళింది. మా ఇళ్ళల్లో మిల్లును గిరణి అంటారు, జీతాన్ని పగారు అంటారు, సెలవును సుట్టి అంటారు. తెల్లవారుజామున గిరణి భోంగా కూస్తే ఊరు లేచేది. మూడు షిఫ్టులకు మూడు కూతలు. మా తాత రింగు ఖాతాలో, బాపు సాంచెల ఖాతాలో పనిచేశారు. పగారు నెలనెలా రావడం అనేది మా వంశంలో అంతకుముందు ఎరగని విచిత్రం. దాంతో పిల్లలను బడికి పంపడం మొదలైంది, చిట్టీలు కట్టడం మొదలైంది, పెళ్ళి సంబంధానికి వచ్చినవారు "పిల్లగాడు గిరణిల పర్మనెంటా, బదిలీనా?" అని అడగడం మొదలైంది. బదిలీ అంటే ఎవరైనా రాకపోతే వారి స్థానంలో ఆ రోజుకు తీసుకునే మనిషి. పర్మనెంటుకు కట్నం ఎక్కువ. ఇప్పుడు గ్రీన్ కార్డు ఉందా, హెచ్ వన్నా అని అడిగే పెద్దలకు ఈ ప్రశ్న బాగా అర్థమవుతుంది.

మిల్లులు మూతపడడం కూడా షోలాపురంలో పాత కథే. 1949లో అక్కడి పెద్ద మిల్లు ఒకటి మూసేస్తే, కేంద్ర ప్రభుత్వం 1950 జనవరిలో ఆర్డినెన్సు తెచ్చి నిర్వహణ తన చేతిలోకి తీసుకుంది. దానిమీద ఒక వాటాదారుడు సుప్రీంకోర్టుకు వెళ్ళాడు. రాజ్యాంగం వచ్చిన కొత్తలో నడిచిన ఆ వ్యాజ్యాన్ని మన లా కాలేజీల్లో ఇప్పటికీ సమానత్వపు హక్కు పాఠంలో చెబుతారు. తీర్పులో వాటాదారుల హక్కుల గురించి బోలెడంత చర్చ ఉంది. సాంచెల దగ్గర నిలబడ్డవాళ్ళు ఆ మూతపడిన నెలల్లో ఏం తిన్నారన్నది కోర్టు ముందున్న ప్రశ్న కాదు. 1960ల నుండి 1990ల దాకా ఊళ్ళోని పెద్ద మిల్లులు ఒకటి తరువాత ఒకటి ఆగిపోయాయి. బాపు పనిచేసిన గిరణి పేరు ఇక్కడెందుకు లెండి. నేను ఎనిమిదో తరగతిలో ఉండగా అది మూతపడింది. బాకీపడిన జీతం, గ్రాట్యుటీ కోసం ఆయన పదేళ్ళకు పైగా తిరిగారు. చివరకు వచ్చింది మా అక్క పెళ్ళి పందిరికి సరిపోయింది.

అప్పటినుండి ఇల్లు నడిపింది బీడీ.

ఈ సంగతి కొంచెం వివరంగా రాస్తాను. వలసల గురించి రాసేవాళ్ళు మగవాళ్ళ వెంట రైలెక్కి, మగవాళ్ళ మిల్లు దగ్గర దిగి, అక్కడే ఆగిపోతారు. షోలాపురం తెలుగు పేటల్లో మగవాళ్ళ పని మూడుసార్లు పోయింది, ఆడవాళ్ళ పని ఒక్కసారీ పోలేదు. మా అమ్మ, బాపమ్మ, మేనత్త, పక్కింటి వదిన అందరూ బీడీలే. పొద్దున్నే తునికాకు నీళ్ళలో నానబెట్టి, రేకు అచ్చు పెట్టి కత్తెరతో కోసి, ఒళ్ళో చేట పెట్టుకుని, తంబాకు వేసి చుట్టి, దారం కట్టాలి. రోజుకు వెయ్యి బీడీలు లెక్క. వెయ్యి అనడం తేలిక, రోజంతా నడుము ఎత్తకుండా కూర్చుంటేగానీ కాదు. సాయంత్రం బ్రాంచికి తీసుకువెళితే చెకర్ చూసి బాగాలేవన్నవి పక్కకు పడేస్తాడు. పడేసినవాటికి కూలి లేదు, ఆకు తక్కువైతే సొంత డబ్బుతో కొని పూడ్చుకోవాలి. ఇల్లంతా పొగాకు వాసన. ఆ వాసన నాకు దుర్వాసన అని మొదట చెప్పింది కాలేజీలో పక్కన కూర్చున్న కుర్రాడు.

అయినా ఆ పనికి ఒక చట్టం ఉండేది. 1966లో బీడీ, సిగార్ కార్మికుల చట్టం వచ్చింది. 1976లో సంక్షేమ నిధి చట్టం వచ్చింది, 1977 నుండి ప్రావిడెంట్ ఫండ్ వర్తించింది. సంఘం పెట్టి, ధర్నాలు చేసి సాధించుకున్నవి ఇవి. ఆ నిధి నుండి బీడీ కార్మికుల పిల్లలకు ఇచ్చే స్కాలర్‌షిప్పుతో నేను ఇంజనీరింగ్ పుస్తకాలు కొన్నాను. హాస్టల్ ఫీజు అమ్మ ప్రావిడెంట్ ఫండ్ నుండి వచ్చింది. బాపు గిరణి ఇవ్వాల్సిన డబ్బు నా చదువు అయిపోయాక వచ్చింది. కాబట్టి నా విమానం టిక్కెట్టు వెనుక మిల్లు లేదు, చేట ఉంది. ఇది సెంటిమెంటు కోసం రాయడం లేదు. మనలో చాలామంది ఇళ్ళల్లో తవ్వి చూస్తే ఇలాంటి లెక్కే తేలుతుంది, లెక్కలోకి రాని సంపాదన ఒకటి ఎక్కడో బయటపడుతుంది.

బీడీ కార్మికుల పోరాటాల్లో బాగా వినిపించే పేరు నర్సయ్య ఆడం. ఊరంతా ఆడం మాస్టర్ అంటారు. తెలుగు చేనేత కుటుంబం నుండి వచ్చిన కమ్యూనిస్టు నాయకుడు, మూడుసార్లు శాసనసభ్యుడు. ఆయన రాజకీయాలతో ఏకీభవించనివారు కూడా ఆయన కట్టించిన ఇళ్ళ గురించి మాత్రం చెడ్డగా మాట్లాడరు. ఊరి బయట కుంభారి దగ్గర బీడీ కార్మిక మహిళల పేరు మీదే పదివేల ఇళ్ళు కట్టించారు, 2006లో అప్పటి ప్రధాని మన్‌మోహన్ సింగ్ వచ్చి తాళాలిచ్చారు. ఆ తరువాత అక్కడే అసంఘటిత కార్మికుల కోసం ముప్ఫైవేల ఇళ్ళ రేనగర్ మొదలైంది, మొదటి పదిహేనువేల ఇళ్ళను 2024 జనవరిలో ప్రధాని మోడీ అప్పగించారు. రెండు వేర్వేరు పార్టీల ప్రధానులు ఒక కమ్యూనిస్టు పిలుపు మీద ఒకే చోటికి రావడం మా ఊళ్ళోనే చెల్లింది! నూట యాభై ఏళ్ళ కింద వచ్చినవారి వారసులకు సొంత గోడలు ఇప్పుడు వస్తున్నాయి, ఆ సంగతి కూడా మరిచిపోకూడదు.

భీవండి బస్సు

షోలాపురం పాత వలస. మా తరంలో కరీంనగర్ జిల్లా నుండి బస్సు వెళ్ళింది భీవండికి. బొంబాయి పక్కన ఉన్న ఈ పట్టణం పేరు విననివారు సిరిసిల్ల చుట్టుపక్కల ఉండరు. 1982 జనవరి 18న బొంబాయి మిల్లు కార్మికులు దత్తా సామంత్ నాయకత్వంలో సమ్మెకు దిగారు. దాదాపు రెండున్నర లక్షల మంది. ఆ సమ్మెకు ముగింపు ప్రకటన అంటూ ఎవరూ చేయలేదని అంటారు. మిల్లులే క్రమంగా ముగిసిపోయాయి. మిల్లు ఆగినంత మాత్రాన దేశం గుడ్డ కట్టడం మానదు. ఆ నేత అంతా భీవండి మరమగ్గాల షెడ్లలోకి మారింది. మిల్లులో ఎనిమిది గంటల షిఫ్టు, సంఘం, సెలవు ఉండేవి. షెడ్డులో పన్నెండు గంటల షిఫ్టు, మీటరుకింత కూలి. పడుకోవడం కూడా చాలాసార్లు సాంచెల పక్కనే. తిండికి భిశీ ఉండేది, అంటే నెలకింత కట్టి తినే పూటకూళ్ళ ఇల్లు. తెలుగు ఆడవాళ్ళు నడిపిన భిశీలెన్నో ఉండేవి. పప్పుచారు దొరుకుతుందని ఒక షెడ్డు వదిలి మరో షెడ్డులో చేరినవాళ్ళున్నారు.

భీవండిలో పని నేర్చినవారిలో కొందరు తిరిగి వచ్చారు. వస్తూ వస్తూ అక్కడ తీసేసిన పాత సాంచెలను లారీల్లో సిరిసిల్లకు తెచ్చుకున్నారు. వలస వెళ్ళినవాడు డబ్బు పంపడం అందరికీ తెలుసు, యంత్రాన్నీ పనితనాన్నీ కూడా పంపుతాడనడానికి సిరిసిల్ల సాక్ష్యం. చేనేత ఊరు మరమగ్గాల ఊరైంది. కానీ భీవండిలో ఉన్న మార్కెట్టు లారీలో రాలేదు. సేట్లు నూలిస్తారు, నాలుగైదు సాంచెలున్న ఆసాములు కూలికి నేయిస్తారు, వారి కింద కార్మికులు. కరెంటు రేటు పెరిగినా, పాలియెస్టర్ ధర పడినా దెబ్బ కింది మెట్టు మీదే పడేది. 1990ల చివరి నుండి ఒక దశాబ్దం పాటు అప్పులతో నేతన్నలు ప్రాణాలు తీసుకుంటూ ఉంటే పత్రికలు ఆ ఊరిని ఉరిసిల్ల అని రాశాయి. ఆ మాట పుట్టించినవారి ఉద్దేశం మంచిదే కావచ్చు, ఊరివాళ్ళకు మాత్రం గుచ్చుకుంది. 2017లో తెలంగాణ ప్రభుత్వం బతుకమ్మ చీరల ఆర్డర్లు ఇవ్వడంతో కొన్నేళ్ళపాటు సాంచెలు ఆగకుండా ఆడాయి, వెళ్ళినవాళ్ళు కొందరు వెనక్కి వచ్చారు. 2024లో ఆ ఆర్డర్లు లేకపోయేసరికి మళ్ళీ చప్పుడు తగ్గింది. తరువాత మహిళా సంఘాల చీరల పని వచ్చింది. ఒక ఊరి బతుకు ఒకే కొనుగోలుదారుడి మీద ఆధారపడితే, ఆ కొనుగోలుదారుడు సర్కారైనా సేటైనా భయం ఒకటే.

అన్నట్టు భీవండి కూడా ఇప్పుడు పాత భీవండి కాదు. జీఎస్టీ వచ్చిన 2017 తరువాత అక్కడ పెద్ద పెద్ద గోదాములు లేచాయి. మనం ఇక్కడ కూర్చుని ఇండియాలో అమ్మానాన్నలకు ఆన్‌లైన్లో మిక్సీ ఆర్డరు చేస్తే అది భీవండి గోదాము నుండి బయలుదేరే అవకాశం బాగా ఉంది. సాంచెలు ఆడిన చోట ఇప్పుడు డబ్బాలకు స్టిక్కర్లు అంటిస్తున్నారు. నేతకు పదేళ్ళ అనుభవం కావాలి, స్టిక్కరుకు ఒక పూట చాలు. పనితనం అక్కరలేని పని వస్తే కొత్త పని దొరికినట్టే, కానీ పాత మనిషికి కాదు. యాభై ఏళ్ళ సాంచెల కార్మికుడు ఆ గోదాము గేటు దగ్గర వాచ్‌మన్ అవుతాడు.

పార, తట్ట, మేస్త్రీ

నేతపనివాళ్ళు చేతిలో ఒక విద్య పట్టుకుని వెళ్ళారు. పాలమూరు కూలీ పార, తట్ట పట్టుకుని వెళ్ళాడు. దేశంలో పెద్ద ఆనకట్టలు, కాలువలు ఎక్కడ కట్టినా పాలమూరు లేబర్ అనే మాట వినిపించేది. పద్ధతి ఇది. వానాకాలం పంట చేతికి రాకపోయినా వచ్చినా, పండుగలు వెళ్ళాక గుంపు మేస్త్రీ ఊళ్ళోకి వచ్చి భార్యాభర్తలకు జంటగా అడ్వాన్సు ఇస్తాడు. ఆ డబ్బు పాత అప్పుకో, పెళ్ళికో పోతుంది. తరువాతి ఎనిమిది తొమ్మిది నెలలు ఆ అప్పు తీర్చే పని. పిల్లలు, ముసలివాళ్ళు ఊళ్ళో. కాస్త ఎదిగిన పిల్లలు తల్లిదండ్రులతోనే, చంటిపిల్లలను ఆడించడానికి. 1979లో అంతర్రాష్ట్ర వలస కార్మికుల చట్టం వచ్చింది. కాంట్రాక్టరు లైసెన్సు తీసుకోవాలి, ప్రయాణపు ఖర్చు ఇవ్వాలి, అక్కడి కూలీలతో సమానంగా ఇవ్వాలి అని అందులో మంచి మాటలన్నీ ఉండేవి. మేస్త్రీ చదువుకోలేదు, కాంట్రాక్టరు చదివి పక్కన పెట్టాడు.

పొక్లెయినర్లు, జేసీబీలు వచ్చాక మట్టిపని మనుషుల చేతిలోంచి పోయింది. వందమంది నెలరోజులు తవ్వే కాలువను యంత్రం నాలుగు రోజుల్లో తవ్వుతుంది. పాలమూరు కూలీ అప్పుడు నగరానికి మళ్ళాడు. బొంబాయి, పూనా, హైదరాబాదు భవనాల దగ్గర సెంట్రింగ్, కాంక్రీటు, టెలిఫోన్ కేబుళ్ళకు గుంతలు. బొంబాయిలో తెలుగు కూలీ అంటే రెండువందల ఏళ్ళ నాటి మాట. అక్కడి కామాఠిపురా పేరు తెలుగు కామాఠీల వల్లనే వచ్చింది. ఆ నగరాన్ని కట్టిన చేతులు వారివి. పేటకు తరువాత వేరే పేరు రావడం వాళ్ళు చేసింది కాదు.

పాలమూరులోనే ఒక మార్పు వచ్చింది. కల్వకుర్తి, నెట్టెంపాడు, భీమా, కోయిల్‌సాగర్ ఎత్తిపోతల నీళ్ళు గత పదిపదిహేనేళ్ళలో కొన్ని మండలాలకైనా అందాయి. నీళ్ళు అందినచోట బొంబాయి బస్సు ఎక్కేవాళ్ళు తగ్గారు, అందనిచోట ఎక్కుతూనే ఉన్నారు. వలసకు ఇంతకంటే నిక్కచ్చి కొలబద్ద నేను చూడలేదు. ఎందుకంటే నీటికి ఎదురు నడిచిన వలస కూడా మనకు తెలుసు. 1953లో తుంగభద్ర నీరు విడుదలైనప్పుడు కోస్తా రైతులు ఉన్న అరెకరం, ఎకరం అమ్ముకుని గంగావతి, సింధనూరు వైపు వెళ్ళి అంతకు ఎన్నో రెట్లు నల్లరేగడి కొన్నారు. అంతకుముందే నిజాంసాగర్ కింద నిజామాబాదులో అదే జరిగింది. వారు స్థిరపడినచోట్లను ఇప్పటికీ క్యాంపులనే అంటారు. డబ్బూ విద్యా ఉన్నవాడు నీటి వెంట వెళ్ళి రైతుగానే మిగిలాడు. ఏమీ లేనివాడు నీళ్ళు లేక వెళ్ళి కూలివాడయ్యాడు. రెండూ వలసలే.

శ్రీకాకుళం మత్స్యకారుల సంగతి ఒక్కమాటైనా చెప్పాలి. ఎదురుగా సముద్రం పెట్టుకుని, జెట్టీలు లేక, పెద్ద బోట్లు లేక, గుజరాత్‌లోని వేరావల్‌కు నెలజీతం మీద వెళ్ళి ఎవరి బోట్లలోనో వేటాడతారు. 2018 నవంబరులో అలా వెళ్ళినవారు పాకిస్తాన్ జలాల్లో పట్టుబడ్డారు. వారిలో 20 మంది 2020 జనవరిలో వాఘా సరిహద్దు దాటి ఇంటికొచ్చారు. సినిమా కూడా వచ్చింది కాబట్టి మన పిల్లలకు ఈ ఒక్క వలస తెలుసు.

ఇక ఇప్పుడు మన ఊళ్ళకు వచ్చేవాళ్ళ సంగతి. రెండేళ్ళ కింద కరీంనగర్ వైపు బంధువుల ఊరికి వెళితే, పొలంలో నాట్లు వేస్తున్నది మగవాళ్ళు. మన దగ్గర నాటు ఆడవాళ్ళ పని. వీళ్ళు బెంగాల్, బీహార్ నుండి గుంపులుగా వచ్చినవారు, ఎకరానికింతని గుత్తకు నాటేస్తారు. రైసుమిల్లుల్లో హమాలీలు బీహారువారు. మా పెద్దబాపు కొడుకు వాళ్ళతో హిందీలో బేరమాడుతున్నాడు. ఆ హిందీ ఆయన భీవండిలో నేర్చుకున్నదే. పాలమూరు చేలలో పత్తి ఏరడానికి కర్నూలు పడమటి మండలాల నుండి వస్తారు. ఆ మండలాలవారే గుంటూరు మిరప కోతలకూ వెళతారు, బడిపిల్లలతో సహా. ములుగు వైపు మిరప చేలకు ఛత్తీస్‌గఢ్ నుండి వస్తారు. 2020 ఏప్రిల్‌లో లాక్‌డౌన్ సమయంలో ఆ మిరప చేల నుండి బీజాపూర్ జిల్లాలోని తన ఊరికి నడిచి బయలుదేరిన పన్నెండేళ్ళ పిల్ల, ఇంటికి చేరువలోకి వచ్చాక దారిలోనే చనిపోయింది. మిరపకాయలు కోయడానికి రెండు నెలల కోసం వచ్చిన పిల్ల. ఆ వార్త చదివినరోజు నేను వంటింట్లో కారం డబ్బా తీయలేకపోయాను.

ఒక మేలు కూడా చెప్పుకోవాలి. ఒక రాష్ట్రంలో ఉన్న రేషన్ కార్డుతో మరో రాష్ట్రంలో బియ్యం తీసుకునే ఏర్పాటును 2019 ఆగస్టులో మొదట పరీక్షించిన జంటల్లో ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఒకటి. చిన్న సంగతిలా కనిపిస్తుంది. కానీ వలస వెళ్ళినవాడి కార్డు ఊళ్ళో, కడుపు పట్నంలో ఉండడం ఎంత పాత కష్టమో మా బాపమ్మకు తెలుసు.

షోలాపురం తెలుగుకు మళ్ళీ వస్తాను. నూట యాభై ఏళ్ళు, ఐదారు తరాలు. ఏ ప్రభుత్వ సాంస్కృతిక శాఖ గ్రాంటూ లేకుండా, వారాంతపు తెలుగు బడి లేకుండా ఆ పేటల్లో తెలుగు నిలిచింది. రాఖీ పున్నానికి మార్కండేయుడి రథం కదులుతుంది, దసరాకు బతుకమ్మ ఆడతారు. ఎందుకు నిలిచిందని నాకు ఎప్పుడూ ఆలోచన. నాకు తోచిన సమాధానం పెద్ద గొప్పదేమీ కాదు. పని తెలుగులో జరిగింది. మగ్గం దగ్గర, చేటల చుట్టూ, భిశీలో, సంఘం మీటింగులో మాట తెలుగు కాబట్టి ఇంట్లోనూ తెలుగే. మిల్లు పోయి, మగ్గం పోయి, కొడుకులు పూనాలో కంప్యూటరు ఉద్యోగాలకు, కోడళ్ళు స్కూలు యూనిఫారాలు కుట్టే యూనిట్లకు వెళ్ళాక తెలుగు మీడియం బడులలో పిల్లలు తగ్గిపోయారు. కరువూ, పరాయి ఊరూ చేయలేని పని వృత్తి మారడం చేసింది. మన పిల్లలు పండుగనాడు వేదిక మీద పద్యం చెబితే చప్పట్లు కొడతాం, కొట్టాలి కూడా. అయితే వాళ్ళు తెలుగులో చేసే పని ఏదైనా ఒక్కటి ఉందా అని నన్ను నేను అడుగుతుంటాను. ఇంట్లో వంట ఒక్కటే నాకు దొరికింది. అదీ సగం రోజులే.

గత సంవత్సరం షోలాపురం వెళ్ళినప్పుడు మేనత్త కుంభారిలో తన పేరుమీదున్న ఇంట్లో ఉంది. ఎనభై దాటాయి. కళ్ళు ఆనక బీడీలు మానేసింది. మనవరాలు పక్కగదిలో కుట్టుమిషను మీద నీలంరంగు స్కూలు చొక్కాలకు కాలర్లు వేస్తోంది, కాలరుకింతని లెక్క. మిషను చప్పుడు ఆగినప్పుడల్లా మేనత్త "ఏమైందే, దారం తెగిందా?" అని కేకేస్తుంది. ఆ పిల్ల మరాఠీలో జవాబిస్తుంది. మేనత్త మళ్ళీ తెలుగులోనే అడుగుతుంది.